కుప్పం పొట్లం

సోమల నుంచి,
మంగళవారం

చెవి మిషను పెట్టుకోకుండానే చదువుకోగల మా నాయనకు, కుసుమ రాసేది.

ఫోనులో చెప్పలేని సంగతులు కాబట్టి రాస్తున్నాను. నీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే ఈ ఇంట్లో అందరికీ వినపడుతుంది. ఉత్తరమే మేలు. తేజస్వినికి నోటుబుక్కులు కొనడానికి సోమల వచ్చాను, ఇక్కడే పోస్టాఫీసు బల్ల మీద కూచుని రాసి డబ్బాలో వేసిపోతాను.

ముందు చిన్న సంగతి. నా ఓటు ఇంక కుప్పంలో లేదు.

పోయిన నెల మామ అంగడికి పోస్టులో ఒక కవరు వచ్చింది. మామ దాన్ని చించి, అందులోని కార్డు చూసి, ఏమీ అనకుండా నా ముందు పెట్టాడు. మా మామ ఆంజనేయులు సంగతి నీకు తెలియనిది కాదు, నోరు తెరిస్తే అంగట్లో సరుకు తరిగిపోతుందన్నట్టు ఉంటాడు. చూస్తే కొత్త ఓటరు కార్డు. నా పేరు, ఈ ఊరి పేరు. భర్త: చైతన్య అని ఉంది. ఆయన పోయి పద్దెనిమిది నెలలైంది, ఆ కార్డులోకి మాత్రం కొత్తగా వచ్చి చేరాడు. ఆ ఫారం నేను నింపలేదు. బావ మునిచంద్ర నా ఆధార్ తీసుకుపోయి నింపించాడు. సంతకం పెట్టమన్న చోట పెట్టాను, ఏం కాగితమని అడగలేదు. ఈమధ్య నేను ఏదీ అడగడం లేదు.

పెళ్ళైన కొత్తలో ఓటు ఇక్కడికి మార్పించమని అందరూ అంటే ఆయన ఒప్పుకోలేదు, నీకు గుర్తుందా? “ఉండనీలే. ఓటు ఆడుంటే ఎలక్షన్ వచ్చినప్పుడల్లా మీ నాయనను సూసొచ్చినట్టుంటాది” అన్నాడు. పదేళ్ళు అట్లాగే వచ్చాం. పుంగనూరు, పలమనేరు మీదుగా బండి మీద, వి.కోటలో ఆగి టీ తాగి. నేను ఓటేసి వచ్చేసరికి మీరిద్దరూ నీ అంగట్లో కూచుని కర్పూరం బిళ్ళలు విడదీస్తూ ఉండేవాళ్ళు. నీకు వినపడదని ఆయనా, ఆయనకు వినపడదేమోనని నువ్వూ గట్టిగా అరుచుకుంటూ. ఆ కార్డు చూస్తే ఇదంతా గుర్తొచ్చి ఏడుపు రావాలి కదా. రాలేదు. కార్డును బియ్యం డబ్బా కింద పెట్టి, ఉప్మాకు రవ్వ వేయించాను.

ఇప్పుడు పెద్ద సంగతి. పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. మా వార్డు ఈసారి ఆడవాళ్ళకని వచ్చింది. మెంబరు కావాలని బావకు ఎన్నేళ్ళనుంచో ఆశ. ఆయన నిలబడడానికి లేదు. పోనీ ఆయన భార్య రేఖక్క నిలబడదామంటే వాళ్ళకు ముగ్గురు పిల్లలు. ఇద్దరికంటే ఎక్కువ ఉంటే నిలబడకూడదంట. నాకు తేజస్విని ఒక్కతే. దాని నాయన ఉండి ఉంటే నాకూ ఇంకొకరు ఉండేవాళ్ళేమో. లేరు కాబట్టి నేను పనికొచ్చాను. నిలబడాలంటే ఓటు ఈ ఊళ్ళో ఉండాలంట, ఆ కార్డు అందుకే.

“నాకు నలుగురిలో మాట్లాడడం రాదు బావా” అన్నాను.

“నిన్నెవురు మాట్లాడమనిందమ్మా? పేరు నీది, పని నాది” అన్నాడు. వెటకారంగా కాదు నాయనా, నాకు ధైర్యం చెబుతున్నాననుకునే అన్నాడు.

నీకు దాచిన సంగతి ఒకటుంది. నాతో బళ్ళో చదివిన భవ్య, మన వీధి చివర ఉండేది, ఇప్పుడు మదనపల్లె అవతల అంగళ్లు అనే ఊళ్ళో ఒక ఆడపిల్లల హాస్టల్ చూసుకుంటోంది. సరుకులూ వంటిల్లూ చూసుకునే మనిషి కావాలంట. ఉండడానికి గది ఇస్తారు, తేజస్వినికి నడిచిపోయేంత దూరంలో బడి ఉంది. కార్తీక మాసంలోనే ఇంట్లో అడిగాను. బావ “ఎలక్షన్ అయినాక మాట్లాడదాం” అన్నాడు. నామినేషన్ వేసొచ్చిన సాయంత్రం మళ్ళీ అడిగాను. “గెలిస్తే ఐదేండ్లు నువ్వు మెంబరువి. మెంబరు ఊరిడిసి యాడికి పోతాది?” అని నవ్వాడు. భవ్య ఈ నెలాఖరు దాకా చూస్తానంది. ఆ తర్వాత వేరే ఆమెను పెట్టుకుంటుంది.

ఇక్కడ నన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెడతారు, తింటాను. మదనపల్లె మార్కెట్టుకు టమోటా వేసుకుపోయిన టెంపో బోల్తాపడి ఆయన పోయినప్పుడు, ఇంట్లో అందరూ నాకంటే ఎక్కువే ఏడ్చారు. నిజమే చెబుతున్నాను. కానీ పదకొండు రోజులూ అయ్యాక నేను అంగట్లోకి వెళ్ళి ఎప్పటిలాగే కుంకుమ డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే, అత్త వచ్చి డబ్బా తీసుకుని జీలకర్ర డబ్బా పెట్టి పోయింది. నువ్వు నేర్పించిన మడత ఇక్కడ నాకొక్కదానికే వచ్చు. నాలుగు మూలలూ లోపలికి మడిచి, చివరి కొసను జేబులాంటి మడత సందులోకి దూర్చేది, దారం అక్కర్లేనిది. ఊరంతా దాన్ని కుప్పం పొట్లం అంటారు. విప్పడం చేతకాక చించుకుంటారు. జీలకర్రకు నేను ఆ మడత వేయలేదు, కాగితం కోనులా చుట్టి ఇచ్చేస్తున్నాను. అది కుంకుమ మడత. పద్దెనిమిది నెలలుగా ఒక్కటీ కట్టలేదు.

ఎలక్షన్ వచ్చే బుధవారం. నా గుర్తు స్టూలు. నాయనా, నేను గెలవాలని మాత్రం గంగమ్మకు మొక్కుకోవద్దు.

నీ బిడ్డ,
కుసుమ


ఊరి నుంచి,
శుక్రవారం

ఓడిపోయిన కూతురిని కన్న చెంగల్రాయుడు గారికి,

ఒక్క ఓటు నాయనా. మునెమ్మకు ఎనభై ఎనిమిది, నాకు ఎనభై ఏడు. మునెమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమె. తేజస్వినికి గుడ్డు పెంకు తీసి మరీ పెడుతుంది. ఆమె గుర్తు గ్యాస్ పొయ్యి.

బావ ఇల్లిల్లూ రాసుకున్న లెక్కలో ఒకటి తగ్గింది, మనవాళ్ళలోనే తప్పిన ఆ ఒక్క ఓటు ఎవరిదని ఈ ఇంట్లో రెండు రోజులుగా వెతుకుతున్నారు. నీకు చెప్పేస్తాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేను. అది నాదే. నా ఓటు నేను మునెమ్మకు వేశాను.

నువ్వు ఇప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదువుతావు. మళ్ళీ చదివినా అంతే ఉంటుంది.

ముందే అనుకుని చేసింది కాదు. వారం రోజులు బావ ఒక స్టూలు చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, నేను వెనక చేతులు జోడించుకుని నడిచాను. అందరూ మంచిగానే మాట్లాడారు. “పాపం చైతన్య పెండ్లాం, వేయకుంటే ఎట్లా” అన్నారు. ఓట్లడిగింది బావ, వేస్తామన్నది పోయిన ఆయనకు. నడుమ నేను నిలబడి ఉన్నాను. బుధవారం పొద్దున్నే బడికి పోయి వరసలో నిలబడ్డాను. టీచరమ్మ ఎడమచేతి వేలికి సిరా పెట్టింది. రెండు కాగితాలు ఇచ్చారు, ఒకటి వార్డుకు, ఒకటి సర్పంచికి.

మూలన అట్ట అడ్డం పెట్టారు. దాని వెనక్కి పోయి నిలబడితే ఉన్నట్టుండి ఎవరూ కనపడలేదు. నేనూ ఎవరికీ కనపడను. నాయనా, పద్దెనిమిది నెలల్లో నన్నెవరూ చూడని చోటు నాకు దొరికింది అదొక్కటే. ఇంట్లో ఉంటే అత్త, వీధిలో ఉంటే ఊరు. స్నానాల గదిలో ఎక్కువసేపుంటే రేఖక్క భయపడి తలుపు కొడుతుంది. అట్ట వెనక కాగితం మీద స్టూలు బొమ్మ, గ్యాస్ పొయ్యి బొమ్మ ఉన్నాయి. కోపం రాలేదు. భయం కూడా లేదు. స్టూలు మీద ముద్ర వేస్తే ఐదేళ్ళు, అంతవరకు మాత్రం తెలిసింది. గ్యాస్ పొయ్యి మీద వేశాను. వద్దని చెప్పడానికి ఈ ఇంట్లో నాకు ఎక్కడా చోటు దొరకలేదు, అక్కడ దొరికితే అక్కడ చెప్పాను.

తప్పు ఆ తర్వాత చేశాను. సిరా ఆరాలని రెండుసార్లు ఊదాను. అప్పుడు నా బుర్ర ఎక్కడుందో నాకు తెలియదు, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. డబ్బా దగ్గరికొచ్చి వేస్తుంటే సందులో కొంచెం పట్టింది, వేలితో నొక్కాను. లోపల పడ్డ చప్పుడు వినగానే తెలిసింది. కాగితం పడిన చప్పుడు కాదది. నేను ఓటును కుప్పం పొట్లం కట్టేశాను.

రెండో కాగితం టీచరమ్మ చూపించినట్టే నిలువుగా మడిచి వేశాను. అది ఎవరికి వేశానో కూడా గుర్తులేదు.

నాలుగు గంటలకు అదే గదిలో లెక్క మొదలుపెట్టారు. బావ అరుస్తాడని లోపలికి రానివ్వలేదు. నా తరపున మామ బల్ల దగ్గర కూచున్నాడు, మునెమ్మ తరపున పుంగనూరు నుంచి వచ్చిన వాళ్ళ తమ్ముడు. నిలబడ్డ మనిషిని కాబట్టి నన్నూ లోపల ఉండనిచ్చారు, తలుపు పక్క బెంచీ మీద కూచున్నాను. ఒక్కొక్క కాగితమే విప్పి, చూపించి, ఇటో అటో పెడుతున్నారు. సగం పైన అయ్యాక లెక్కపెట్టే అమ్మాయి చేయి ఆగింది. “ఇదేంది సార్, ఎవురో పొట్లం కట్టినారు!” అని నవ్వింది. మునెమ్మ తమ్ముడు కూడా నవ్వాడు. ఇద్దరూ ఈ ఊరివాళ్ళు కాదు, వాళ్ళకు తెలియదు.

మామ నవ్వలేదు. ఆ పొట్లం వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. ఆ అమ్మాయికి విప్పడం రాక ఆఫీసరుకు ఇచ్చింది, ఆయన అటూ ఇటూ తిప్పి, కొస లాగి విప్పాడు. గ్యాస్ పొయ్యి. దాన్ని చేత్తో పట్టుకుని ఆయన మామను ఏదో అడిగాడు. వరండాలో జనం గోలగా ఉన్నారు, నాకు వినపడలేదు. మామ ఒకే ఒక్క మాట అన్నాడు. అదీ వినపడలేదు. ఆఫీసరు ఆ కాగితాన్ని మునెమ్మ కట్టలో పెట్టాడు. మామ నా వైపు తిరగలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. ఇంటి ముందు కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని చెంబు నా చేతికిచ్చాడు. అంతే. నిన్నా ఏమీ అనలేదు, ఈరోజూ అనలేదు. పెట్టింది తింటాడు, అంగట్లో కూచుంటాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి కాబట్టి ఇది కోపమో కాదో తెలుసుకునే దారి లేదు.

ఏమీ అనిపించడం లేదని రాద్దామనుకున్నాను. అది పూర్తిగా నిజం కాదు. ఆ ముద్ర కాగితం మీద నొక్కినప్పుడు ఒక్క క్షణం ఈ చెయ్యి నాదే అనిపించింది. మళ్ళీ మామూలైపోయింది. కొడుకును పోగొట్టుకున్న మనిషి ముందు, ఆయన ఇంటి అన్నం తింటూ, ఇట్లా చేశాను. సిగ్గు పడాలి. అదైనా వస్తుందేమోనని చూస్తున్నాను.

ఇట్లు,
ఎనభై ఎనిమిదో ఓటు,
నీ కుసుమ


ఊరి నుంచి,
బుధవారం

నాయనా,

నీ పోస్టుకార్డు అందింది. “మడత నేర్పింది నేను. తప్పు నా పేరున రాసుకో” అని ఒక్క వాక్యం రాసి పంపావు. రెండుసార్లు చదివాను. నవ్వు వచ్చేలా ఉండి ఆగిపోయింది. కానీ ఇది నీ పేరున రాసుకుంటే తీరేది కాదు. ఆ తప్పును ఇక్కడ ఇంకొకరి పేరున రాసేశారు.

బావ ఆ ఓటు రేఖక్కదని తేల్చాడు. ఆధారం అడిగితే, తనను నిలబెట్టలేదని అక్కసంట. మునెమ్మతో కొళాయి దగ్గర నవ్వుతూ మాట్లాడుతుందంట. “ముగ్గురిని కనింది నేనొక్కదాన్నేనా?” అని రేఖక్క ఒక్కసారి అడిగింది. దాంతో ఆయనకు కోపం ఇంకా పెరిగింది. ఆమె వడ్డిస్తే తినడం లేదు. ఆమె పోసిన నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టుకుంటున్నాడు. పిల్లలు చూస్తుండగానే. మొన్న అందరి ముందూ “నీ ఓటు నువ్వేసుకో, నీ అన్నం మీ అమ్మింట్లో తిను” అన్నాడు.

రేఖక్క గడపకు పసుపు రాసి ఒట్టు పెట్టుకుంది, స్టూలుకే వేశానని. ఎవరూ నమ్మలేదు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. మామ అక్కడే తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నేను మామ వైపు చూశాను. ఆయన అంగడి తాళాలు తీసుకుని బయటికి పోయాడు. నా చేతిలో చట్నీ గిన్నె ఉంది, దాన్ని తీసుకుపోయి వంటింట్లో పెట్టాను.

ఆయన పోయిన కొత్తలో నాలుగు నెలలు నాకు తల దువ్వింది రేఖక్క. నేను పక్కనుంచి లేవకపోతే తేజస్వినికి జడ వేసి బడికి పంపింది. ఆమె శుక్రవారం పొద్దున బస్సుకు చిన్నవాడిని తీసుకుని రామకుప్పం దగ్గర వాళ్ళ అమ్మగారి ఊరికి పోతోంది. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో తెలియదు. సంచి సర్దుతూ నన్ను పిలిచి, “కుసుమా, నీకైనా నా మీద నమ్మకముండాదా?” అని అడిగింది. ఉందన్నాను. అంతవరకే అనగలిగాను.

ఆ మాట దగ్గర నాకు ఏదో అయ్యింది నాయనా. ఇన్నాళ్ళూ నేను చెప్పకపోతే నష్టం నాకే అనుకున్నాను. నాకు జరిగే నష్టం నాకు పెద్దగా తెలియడం లేదు కూడా. కానీ ఆమె నన్ను అడుగుతూ, సంచిలో పెట్టిన చీరనే తీసి మళ్ళీ మళ్ళీ మడుస్తోంది.

శుక్రవారం పొద్దున ఆమె గడప దాటకముందే చెప్పేస్తాను. ఆ తర్వాత ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తెలియదు. అంగళ్లకు పంపరు, ఇక్కడా ఉండనీయరు, అట్లా కూడా కావచ్చు. అప్పుడు కుప్పం బస్సెక్కి నీ దగ్గరికి వచ్చేస్తాను. నీకు వినపడేలా అరిచి అంతా చెబుతాను.

కుసుమ


పుంగనూరు నుంచి,
ఆదివారం

బావగారు చెంగల్రాయుడు గారి సముఖానికి, ఆంజనేయులు నమస్కరించి రాయడమేమంటే,

నేను ఉత్తరం రాసి ముప్పై ఏళ్ళ పైనే అయింది. సరుకు కోసం పుంగనూరు వచ్చి, తెలిసిన అంగట్లో కాగితం అడిగి తీసుకుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. మీ అమ్మాయి అన్నీ మీకు రాస్తుందని నాకు తెలుసు. శుక్రవారం జరిగింది మాత్రం తాను పూర్తిగా రాయలేదు, ఎందుకంటే అందులో తనకు తెలియనిది ఒకటి ఉంది.

శుక్రవారం పొద్దున అందరం టిఫిను దగ్గర ఉన్నాం. రేఖ సంచి వాకిట్లో ఉంది. కుసుమ వచ్చి నడిమింట్లో నిలబడింది. “బావా, ఆ ఓటు...” అనింది. ఆ పిల్ల మా ఇంట్లో గొంతు పైకెత్తి మాట్లాడడం నేను వినడం అదే మొదలు. ఆ తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. అందుకని నేనే అందుకున్నాను.

“ఆ ఓటు నాది” అన్నాను.

మా మునిచంద్ర ఇడ్లీ చేతిలో పట్టుకుని నా ముఖం చూశాడు. పెండ్లాన్ని అంటాడు గానీ నాయనను ఏమంటాడు? “యాల ఏసినావు నాయనా?” అన్నాడు.

“ఆ పిల్ల అంగళ్లకు పోతానని అడిగితే, ఎలక్షన్ అయినాక మాట్లాడదామంటివి కదప్పా. అయిపోయింది. ఇప్పుడు మాట్లాడు” అన్నాను.

చెయ్యి కడుక్కుని పోయి రేఖ సంచిని వాడే లోపలికి తెచ్చి పెట్టాడు. తప్పైందని నోటితో అనలేదు. అది అనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, నాతో కలిపి. ఆ రోజు మధ్యాహ్నం రేఖ వడ్డిస్తే తిన్నాడు.

బావగారూ, నేను చెప్పింది అబద్ధం. నేను స్టూలుకే వేశాను. కుసుమకూ అది తెలుసు. ఎందుకట్లా చెప్పారు మామా అని నన్ను అడిగింది, నేను జవాబు చెప్పలేదు. మీకు చెబుతాను.

లెక్క రోజు ఆ పొట్లం బల్ల మీదికి వచ్చినప్పుడు దాన్ని విప్పకముందే నాకు తెలిసింది అది ఎవరిదో. అప్పుడు లోపల ఏ గుర్తు ఉందో నేను ఆలోచించలేదు. ఆ మడత చూసి పద్దెనిమిది నెలలైంది, అది ఒక్కటే అనుకున్నాను. ఆ కుంకుమ డబ్బాను ఆ పిల్ల ఒళ్ళోనుంచి తీసేసిన రోజు నేను అంగట్లోనే ఉన్నాను. చూసి, చూడనట్టు తక్కెడ తుడుచుకున్నాను. మా ఆమె రంగనాయకమ్మ చెడ్డది కాదు, నలుగురూ ఏమంటారోనని చేసింది. నేను ఒక్క మాట అని ఉంటే ఆగేది. నేను అనలేదు.

ఆఫీసరు కాగితం విప్పి నన్ను అడిగాడు: “ఈ మడతను బట్టి ఎవురిదో గుర్తుపడతామంటే చెప్పు పెద్దాయనా, చెల్లదని పక్కన పెడతాం. అభ్యంతరం ఉండాదా?”

ఉందంటే చాలు. ఆ ఓటు పోయేది, ఎనభై ఏడూ ఎనభై ఏడూ సమానమయ్యేది, చీటీలు తీసేవాళ్ళు. మొత్తం ఎంతకు తేలుతుందో అప్పటికి తెలియకపోయినా, పోటీ గట్టిగా ఉందని నాకు తెలుసు. నా కొడుకు బయట వరండాలో నిలబడి ఉన్నాడు. ఈ పిల్ల తలుపు పక్కన బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది, టెంపో సంగతి తెలిసిన రోజు కూచున్నట్టే.

లేదన్నాను. ఆ రోజు నేను వేసిన ఓటు అదేనని నాకు అనిపిస్తుంది. అందుకే ఆ అబద్ధం చెప్పినందుకు నాకేమీ బాధ లేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు రేఖను మాటలు పడనిచ్చాను చూడండి, దానికి ఉంది. తలుపు దగ్గర నిలబడి అంతా వింటూ, నోరు తెరిస్తే కుసుమ పేరు బయటికి వస్తుందేమోనని తాళాలు తీసుకుని పోయాను. ఆ పేరుకు బదులు నా పేరు చెప్పొచ్చని నాకు తోచనే లేదు. ఆ పిల్ల నిలబడ్డాక తోచింది.

నిన్న శనివారం ఇద్దరినీ మదనపల్లె బస్సెక్కించి, నేనూ అంగళ్ల దాకా పోయాను. గది చిన్నదే, గాలి వస్తుంది. భవ్య అనే ఆ అమ్మాయి మంచిది, నాకు రెండుసార్లు కాఫీ ఇచ్చింది. తేజస్విని బడి చూసి, ఇక్కడ గుడ్డు పెంకు ఎవురు తీస్తారని అడిగింది. బయలుదేరే ముందు మా ఇంట్లో ఒకటి జరిగింది, అది కూడా మీరు తెలుసుకోవాలి. రంగనాయకమ్మ తానే పై అరలోనుంచి కుంకుమ డబ్బా దించి కుసుమ ముందు పెట్టింది. “నువ్వు పోతే ఈడ కట్టేవాళ్ళు లేరు. ఒక నూరు పొట్లాలు కట్టి పోవే” అనింది. ఆ పిల్ల కింద కూచుని మొదలుపెట్టింది. రెండు కట్టింది. మూడో దాని కొస దూరుస్తూ ఏడ్చింది. మా వాడు పోయిన రోజు కూడా ఆమె కంట్లో నీళ్ళు మేము చూడలేదు బావగారూ. రేఖ పోయి పట్టుకుంది. కుంకుమ అంతా ఇద్దరి చీరల మీదా పడింది. మా ఆమె తుడవొద్దని చెప్పి తానూ వాళ్ళ పక్కన కూచుంది. నూరు కాలేదు, ముప్పై దాకా అయ్యాయి. అమ్మకుండా పక్కన పెట్టాను.

మీరు నాకు ఒక్క పని చేసిపెట్టాలి. అంగళ్లలో ఉంటుంది కాబట్టి ఓటు అక్కడికి మార్పించుకోమని ఎవరైనా చెబుతారు. అదే పద్ధతి కూడా అయ్యుంటుంది. వద్దని నేను చెప్పలేను. చెబితే నా మీది మొహమాటానికి సరేనంటుంది, అట్లా సరేననిపించుకోవడం మా ఇంట్లో చాలా అయింది. మీరు రాయండి. పెళ్ళైన కొత్తలో కుసుమ ఓటు కుప్పంలోనే ఉండనీ అని మా చైతన్య ఎందుకన్నాడో నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు ఈ ఓటు మా ఊళ్ళోనే ఉండనీయమనండి. అది వేయడానికైనా ఆ పిల్ల మా ఇంటికి వస్తుంది. ఎవరికి వేసుకున్నా సరే, ఎట్లా మడిచినా సరే.

ఇట్లు,
మీ ఆంజనేయులు